చేజ్ కౌంటీ కోర్టుహౌస్, కాన్సస్: చరిత్ర, నిర్మాణం

#1 — విచిటా_ప్రసాద్

విచిటా నుంచి ఈశాన్యంగా కారులో గంటకు కాస్త పైన ప్రయాణిస్తే కాటన్‌వుడ్ ఫాల్స్ అనే ఊరు వస్తుంది. 2020 జనగణన ప్రకారం అక్కడ ఉండేది 851 మంది. ఊరి ప్రధాన వీధి పేరు బ్రాడ్‌వే. దానికి నేటికీ ఇటుకలే పరిచి ఉన్నాయి. ఉత్తరం వైపు నుంచి ఆ వీధిలోకి తిరగగానే, దక్షిణపు కొసన, లేత పసుపు ఛాయ గల రాతి గోడలతో, నిటారుగా లేచిన ఎర్రటి కప్పుతో, ఆ పైన గడియారపు బురుజుతో ఒక భవనం వీధికి ఎదురుగా నిలబడి కనిపిస్తుంది. అదే చేజ్ కౌంటీ కోర్టుహౌస్. కౌంటీ అంటే మన జిల్లా లాంటి పరిపాలనా విభాగం. 1871లో పని మొదలుపెట్టి 1873లో పూర్తిచేశారు. బురుజు కొనతో కలిపి ఎత్తు వంద అడుగులకు పైనే ఉంటుంది. చుట్టుపక్కల దుకాణాలన్నీ ఒకటి రెండంతస్తులవే కావడం వల్ల ఊళ్లో ఎక్కడ నిలబడినా చూపు అటే పోతుంది.

లోపల అడుగుపెడితే ముందుగా ఆకట్టుకునేది మెట్లవరుస. కాటన్‌వుడ్ నది ఒడ్డున పెరిగిన నల్ల వాల్‌నట్ చెట్ల కలపతో చేసిన ఆ మెట్లు నడుమ స్తంభమేదీ లేకుండా గుండ్రంగా తిరుగుతూ మూడో అంతస్తు దాకా వెళతాయి. కింద నిలబడి తల పైకెత్తితే ముదురు గోధుమరంగు చేతిపట్టు చుట్టలు చుట్టుకుంటూ పైకి పోతూ కనిపిస్తుంది. పైకి ఎక్కాక అండాకారపు కిటికీ ఒకటి ఉంది. అందులోంచి చూస్తే బ్రాడ్‌వే మొత్తం ఉత్తరపు కొస దాకా కళ్లముందు పరుచుకుంటుంది.

ఈ భవనం మ్యూజియం కాదు. కాన్సస్ రాష్ట్రంలో నేటికీ పని చేస్తున్న కోర్టుహౌస్‌లలో అన్నిటికంటే పాతది ఇదే. 1971లో దీనిని జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేర్చారు. 2020 జనగణన ప్రకారం కౌంటీ మొత్తం జనాభా 2,572. ఇంత చిన్న కౌంటీకి ఇంత ఘనమైన భవనం ఎందుకు వచ్చింది, వచ్చినది నూట యాభై ఏళ్లు ఎలా నిలిచింది అన్న రెండు ప్రశ్నల మీద చర్చ సాగాలని ఈ శీర్షిక మొదలుపెడుతున్నాను. రాతి పని, కలప పని, న్యాయవ్యవస్థ తెలిసినవారు ఇక్కడ ఉన్నారు కనుక దయచేసి వివరంగా రాయండి.

#2 — గుంటూరు_వకీలు

ప్రసాద్ గారూ, చాలా మంచి విషయం ఎత్తుకున్నారు. ముందుగా ఒక సందేహం. మన దగ్గర సివిల్ కోర్టు ఒకచోట, సబ్ రిజిస్ట్రారు కార్యాలయం మరొకచోట, తహశీల్దారు కార్యాలయం ఇంకొకచోట ఉంటాయి. భూమి తగాదా వచ్చిన రైతు ఈ మూడింటి చుట్టూ తిరగవలసిందే. అమెరికాలో కౌంటీ కోర్టుహౌస్ అంటే కేవలం కేసులు విచారించే చోటేనా, లేక మిగతా వ్యవహారాలు కూడా అక్కడే నడుస్తాయా? భవనం ఎంత పెద్దదిగా ఉండాలన్నది దాని మీదే ఆధారపడి ఉంటుంది కదా.

#3 — ఎంపోరియా_లక్ష్మి

వకీలు గారూ, నేను పక్కనున్న లయన్ కౌంటీలో చాలాకాలంగా ఉంటున్నాను కనుక చెప్పగలను. కోర్టుహౌస్ అన్న పేరులో కోర్టు ఒక్కటే వినిపిస్తుంది గాని, ఆ కప్పు కింద కౌంటీ పరిపాలన అంతా ఉంటుంది. ఆస్తి దస్తావేజులు నమోదు చేసే రిజిస్టర్ ఆఫ్ డీడ్స్, పన్నులు వసూలు చేసే ట్రెజరర్, ఎన్నికలూ పద్దులూ చూసే కౌంటీ క్లర్క్, వీరందరూ ఓట్లతో ఎన్నికైనవారే. కౌంటీ కమిషనర్ల సమావేశాలు జరిగేవి కూడా ఇలాంటి భవనాల్లోనే. భూమి కొన్న మనిషి దస్తావేజు నమోదు చేయించుకుని, పక్క గదిలో పన్ను కట్టి, అవసరమైతే పై అంతస్తుకు వెళ్లి దావా వేయవచ్చు.

న్యాయ విషయానికి వస్తే, చేజ్, లయన్ కౌంటీలు రెండూ కలిసి కాన్సస్‌లో 5వ జ్యుడీషియల్ డిస్ట్రిక్ట్‌గా ఉన్నాయి. వ్యాజ్యాల్లో ఎక్కువ భాగం లయన్ కౌంటీ కేంద్రమైన ఎంపోరియాలోనే నడిచినా, చేజ్ కౌంటీ కేసులు ఈ పాత భవనంలోనే విచారణకు వస్తాయి. పూర్వం ఖైదీలను ఉంచిన జైలు గది కూడా ఈ భవనంలోనే ఉంది. దానిని ఇప్పుడు సందర్శకులకు చూపిస్తారు.

#4 — పాత_దస్త్రాలు

లక్ష్మి గారు చెప్పినదానికి ఒక మాట చేరుస్తాను. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాల చొప్పున భూమి పొందినవారికి ఆ భూమి తమదేనని చెప్పగల ఆధారం కౌంటీ కేంద్రంలోని పుస్తకాల్లోనే ఉండేది. పట్టాలు, తాకట్టు పత్రాలు, వీలునామాలు, పెళ్లిళ్లు, పశువులకు వేసే వాతగుర్తులు, ఇవన్నీ అక్కడే నమోదయ్యేవి. చెక్కతో కట్టిన కచేరీలు తగలబడి ఒక కౌంటీ మొత్తం దస్త్రాలు బూడిదైన సందర్భాలు అమెరికాలో చాలా ఉన్నాయి. అందువల్ల డబ్బు సమకూరగానే కౌంటీలు రాతితో కట్టుకోవాలని చూడటంలో ఆడంబరం కంటే జాగ్రత్తే ఎక్కువ అని నేను నమ్ముతాను. మందపాటి రాతిగోడ ఆ రైతుల ఆస్తిహక్కుకు ఇచ్చిన రక్షణ.

ఇక పేరు సంగతి. కౌంటీని 1859లో ఏర్పాటు చేసినప్పుడు ఒహాయోకు చెందిన శాల్మన్ పి. చేజ్ పేరు పెట్టారు. ఆయన బానిసత్వాన్ని గట్టిగా వ్యతిరేకించిన రాజకీయ నాయకుడు. కాన్సస్‌లో బానిసత్వం ఉండాలా వద్దా అని ప్రాణాలు పోయే గొడవలు జరుగుతున్న రోజుల్లో ఆ పేరు పెట్టడమంటే తమ పక్షం ఏదో చెప్పుకోవడమే. తరవాత ఆయన లింకన్ ప్రభుత్వంలో ఆర్థికమంత్రిగా చేసి, 1864లో అమెరికా సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆయన పేరున్న కౌంటీలో న్యాయస్థాన భవనం పూర్తయిన 1873లోనే, మే నెలలో, ఆయన కన్నుమూశారు.

#5 — సున్నపురాయి

నేను పాత కట్టడాల మరమ్మతు పనిలో ఉన్న ఇంజనీరును. ఈ భవనం విషయంలో రాయి గురించి తెలుసుకోకపోతే మిగతాదేదీ అర్థం కాదు, కనుక కాస్త విస్తారంగానే రాస్తాను.

ఆ ప్రాంతపు సున్నపురాయిలో కాటన్‌వుడ్ లైమ్‌స్టోన్ అనే పొర ఒకటుంది. భూగర్భ శాస్త్రజ్ఞులు ఆ పొరకు ఆ పేరు పెట్టింది ఈ ప్రాంతాన్ని బట్టే. సుమారు 29 కోట్ల సంవత్సరాల కిందట, పర్మియన్ యుగపు మొదటి భాగంలో, అక్కడ లోతు తక్కువ సముద్రం ఉండేది. ఆ అడుగున పేరుకున్న సున్నపు బురద గట్టిపడి ఈ రాయి అయింది. పొర మందం సుమారు ఆరడుగులే గాని, చాలా దూరం వరకు ఆ మందం పెద్దగా మారదు. మధ్యలో పగుళ్లు తక్కువ. అంటే పెద్ద పెద్ద దిమ్మెలు ఒకే తీరుగా తీయవచ్చు. కట్టడపు రాయికి ఇంతకంటే మంచి లక్షణం లేదు.

ఆ రాయిని దగ్గరగా చూసినప్పుడు, ముఖ్యంగా వాన తగిలి పైపొర కాస్త అరిగిన చోట, వడ్లగింజల్లా సన్నగా కోసుగా ఉన్న మచ్చలు గుంపులు గుంపులుగా కనిపిస్తాయి. అవి ఫ్యూసులినిడ్‌లనే ఏకకణ సముద్రజీవుల గుల్లలు. ఆ గింజలను చూసే గనుల పనివాళ్లు ఇది కాటన్‌వుడ్ రాయి అని గుర్తుపట్టగలరు. ప్రసాద్ గారు ఈసారి వెళ్లినప్పుడు గోడ దగ్గరగా నిలబడి వెతకమని కోరుతున్నాను.

గని నుంచి అప్పుడే తీసిన సున్నపురాయిలో తేమ ఉంటుంది. అప్పుడు ఉలికి మెత్తగా లొంగుతుంది. గాలికి ఆరిన కొద్దీ పైన గట్టి పొర కడుతుంది. అందుకే చెక్కవలసినదంతా తొందరగా చెక్కేసేవారు. రాయిని చీల్చడానికి వరుసగా రంధ్రాలు తొలిచి, ప్రతి రంధ్రంలో రెండు ఇనుప రేకుల మధ్య చీలను దిగేసి, ఒక్కో చీలమీద ఒక్కో దెబ్బ చొప్పున వరుస మొత్తం కొట్టుకుంటూ పోతే, రాయి గీత గీసినట్టు విడిపోతుంది. ఆ ప్రాంతంలోని ఫ్లింట్ హిల్స్ అనే కొండల్లో, పాత గోడల్లో, కంచెల రాళ్లలో, ఆ సగం రంధ్రాల గుర్తులు ఇవాళ్టికీ కనిపిస్తాయి.

మన తాండూరు బండ, కడప రాయి కూడా సున్నపురాళ్లే కాని, అవి పలకలుగా విడిపోయే రకం. నేలకు, అరలకు బాగుంటాయి. ఈ కాటన్‌వుడ్ రాయి దిమ్మెలుగా వచ్చే రకం కనుక గోడకు, కమానుకు, మూలరాళ్లకు అనువైనది.

#6 — కడియం_సుధ

సున్నపురాయి గారూ, మీ వివరణ చదువుతుంటే గోడ ముందు నిలబడినట్టే ఉంది. మాది నర్సరీల ఊరు కావడం వల్ల నా మనసు మాత్రం ఆ మెట్ల చుట్టే తిరుగుతోంది. గడ్డి మైదానం అంటారు కదా, అక్కడ అంత పెద్ద వాల్‌నట్ చెట్లు ఎక్కడివి? ఇంకో ప్రశ్న ఏమిటంటే, నడుమ స్తంభం లేకుండా మూడంతస్తుల మెట్లు దేని ఆధారంతో నిలుస్తున్నాయి?

#7 — ఎంపోరియా_లక్ష్మి

చెట్ల సంగతి నేను చెబుతాను సుధ గారూ. ఇక్కడ మెరక మీద కనుచూపు మేర గడ్డే. ఏటా మంటలు రావడం వల్ల, మొలకలను పశువులు తినేయడం వల్ల కొండల మీద చెట్లు నిలవవు. అయితే వాగుల వెంట, నది వెంట, తేమ నిలిచే లోతైన ఒండ్రు నేలల్లో మాత్రం చెట్ల పట్టీలు ఉంటాయి. ఆ పట్టీల్లోనే కాటన్‌వుడ్, ఓక్, హాక్‌బెర్రీ చెట్లతో పాటు నల్ల వాల్‌నట్ కూడా పెరుగుతుంది. రాయి కొండలోంచి, కలప నది ఒడ్డునుంచి వచ్చాయంటే భవనంలో బరువైన సరుకంతా ఇంటి సరుకే అన్నమాట.

#8 — సున్నపురాయి

మెట్ల గురించి. నడుమ స్తంభానికి మెట్లు బిగించే పద్ధతి వేరు. అవి ఇరుకుగా ఉంటాయి. ఇక్కడ ఉన్నది నడుమ ఖాళీ వదిలి, గుండ్రటి గోడ వెంట తిరిగే రకం. ప్రతి మెట్టు వెలుపలి కొస గోడవైపు ఆనుకుంటుంది, లోపలి కొసలన్నిటినీ వంపు తిరిగిన ఒక కలప పట్టీ కలుపుతుంది. మనిషి ఒక మెట్టు మీద కాలు పెట్టినప్పుడు ఆ బరువు కొంత గోడలోకి, కొంత పట్టీ గుండా కింది మెట్లకు పోతుంది. మెట్టు లోపలివైపు వంగిపోవాలని చూస్తే కింది మెట్టు అడ్డుకుంటుంది. దానిని ఆ కింది మెట్టు. అలా మొత్తం కలిసి ఒకే వస్తువుగా పని చేస్తుంది గనుక అతుకు ఒక్కటి వదులైనా ఊగడం మొదలవుతుంది.

కష్టమంతా ఆ వంపు పట్టీలోనూ, చేతిపట్టులోనూ ఉంటుంది. చేతిపట్టు ఏకకాలంలో పక్కకు తిరుగుతూ, పైకి లేస్తూ పోవాలి. అది ఒకే కర్రను వంచితే రాదు. చిన్న చిన్న ముక్కలను కాగితం మీద గీసిన కొలతల ప్రకారం ముందు కోసుకుని, ఒకదానికొకటి లోపలి బోల్టులతో బిగించి, ఆ తరవాత మొత్తం ఒక్కటే అనిపించేలా చెక్కి నునుపు చేయాలి. పందొమ్మిదో శతాబ్దంలో మెట్ల పని వడ్రంగంలోనే ప్రత్యేక విద్య. నల్ల వాల్‌నట్ ఎండిన తరవాత పెద్దగా ముడుచుకోదు, మెలి తిరగదు. ఉలికి శుభ్రంగా తెగుతుంది. అందుకే ఇలాంటి పనికి దాన్ని ఎంచుకుంటారు.

#9 — డాలస్_రామం

నిర్మాణ శైలి గురించి ఎవరూ ఇంకా ప్రస్తావించలేదు కనుక నేను రాస్తున్నాను. ఈ శైలిని సెకండ్ ఎంపైర్ అంటారు. ఫ్రాన్సులో మూడో నెపోలియన్ 1852 నుంచి 1870 వరకు చక్రవర్తిగా ఉన్నాడు. ఆ కాలంలో ప్యారిస్‌లో లూవ్ర్ ప్రాసాదానికి కొత్త భాగాలు కట్టారు. వాటిని చూసి ఐరోపా, అమెరికా దేశాలవాళ్లు ఆ తీరును అనుకరించారు. దానికి ప్రధాన లక్షణం మాన్సార్డ్ కప్పు, అంటే కిందిభాగం దాదాపు గోడలా నిటారుగా లేచి, పైభాగం బల్లపరుపుగా మారే కప్పు. పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి వాస్తుశిల్పి ఫ్రాన్స్వా మాన్సార్ పేరు మీద దానికి ఆ పేరు వచ్చింది. అందం మాట అటుంచితే, దీనిలో మంచి ఉపయోగం ఉంది: కప్పు లోపల ఒక పూర్తి అంతస్తు దొరుకుతుంది. చేజ్ కౌంటీ భవనంలో మూడో అంతస్తు అలా వచ్చినదే. ఆ వాలులో పొడుచుకు వచ్చిన కిటికీలు, కప్పు అంచున ఇనుప అల్లిక, మూలల్లో పెద్ద రాళ్ల పేర్పు, కిటికీల మీద కమానులు, అన్నీ ఆ శైలి గుర్తులే.

అమెరికాలో అంతర్యుద్ధం తరవాత ప్రభుత్వ భవనాలకు ఇదే శైలి పరిపాటి అయింది. ట్రెజరీ శాఖ ప్రధాన వాస్తుశిల్పి ఆల్‌ఫ్రెడ్ మల్లెట్ వాషింగ్టన్‌లో శ్వేతసౌధం పక్కనే కట్టించిన పెద్ద కార్యాలయ భవనానికి 1871లోనే పని మొదలైంది. ఫిలడెల్ఫియా నగర భవనం కూడా అదే ఏడాది మొదలైంది. అంటే చేజ్ కౌంటీ రైతులు ఎక్కడో మిగిలిపోయిన పాత తీరును తెచ్చుకోలేదు. రాజధానిలో ఆ క్షణాన నడుస్తున్న తీరునే తెచ్చుకున్నారు.

నాకు మాత్రం ఒక అభ్యంతరం ఉంది. ఆ చక్రవర్తి 1870లోనే పదవి పోగొట్టుకున్నాడు. ప్యారిస్ ప్రాసాదాల నమూనాను గడ్డిమైదానపు పల్లెలో నిలబెట్టడం, ఆ నేలకు సంబంధం లేని వేషం వేయడమే కదా? అడ్డంగా పరుచుకున్న ఆ కొండల నడుమ ఆ నిలువు బురుజు నాకు పరాయిగానే అనిపిస్తుంది.

#10 — పాత_దస్త్రాలు

రామం గారూ, మీ అభ్యంతరాన్ని గౌరవిస్తూనే విభేదిస్తున్నాను. నమూనా గీసినవాడు పరాయివాడు కాదు. ఆయన పేరు జాన్ జి. హాస్కెల్. 1832లో వెర్మాంట్‌లో పుట్టి, 1857లో కాన్సస్‌లోని లారెన్స్‌కు వచ్చి స్థిరపడ్డాడు. కాన్సస్‌కు మొట్టమొదటి రాష్ట్ర వాస్తుశిల్పి ఆయనే. టొపీకాలోని రాష్ట్ర శాసనసభ భవనపు తూర్పు భాగం ఆయన పర్యవేక్షణలో జరిగింది. లారెన్స్‌లోని విశ్వవిద్యాలయానికి ఉన్న హాస్కెల్ అన్న పేరు ఆయన తమ్ముడు, కాంగ్రెస్ సభ్యుడైన డడ్లీ హాస్కెల్‌ది.

టొపీకా పనిలో ఒక గట్టి పాఠం ఎదురైంది. 1866లో పునాదికి స్థానికంగా దొరికిన ఇసుకరాయి వాడారు. చలికాలం గడిచేసరికి ఆ రాయి పొడిపొడిగా రాలిపోయింది. దానిని తొలగించి సున్నపురాయితో మళ్లీ పునాది వేయవలసి వచ్చింది. అటువంటి అనుభవం తరవాత హాస్కెల్ కాటన్‌వుడ్ ఫాల్స్‌కు వచ్చి, కాలి కింద ఆరడుగుల మందాన ఒకే తీరుగా ఉన్న సున్నపురాయిని చూశాడంటే ఆయన మనసు ఎంత కుదుటపడి ఉంటుందో ఊహించవచ్చు. ఆపైన టొపీకా భవనపు పడమటి భాగానికి రాయి ఇదే కాటన్‌వుడ్ ఫాల్స్ ప్రాంతం నుంచి వెళ్లింది. రూపం ప్యారిస్‌ది కావచ్చు. రాయీ కర్రా మాత్రం ఆ నేలవే.

ఇక బురుజు ఎత్తు గురించి. ఆ కాలంలో కౌంటీ కేంద్రం ఏ ఊరికి దక్కుతుందన్నది ఊరి బతుకుకే సంబంధించిన విషయం. కాన్సస్‌లో 1880లలో ఇందుకోసం తుపాకులతో పోరాడుకున్నారు. నైరుతి మూలన ఉన్న స్టీవెన్స్ కౌంటీలో హ్యుగోటన్, వుడ్స్‌డేల్ అనే రెండు ఊళ్ల మధ్య తగాదాలో 1888 జూలైలో నలుగురు ప్రాణాలు కోల్పోయారు. కాటన్‌వుడ్ ఫాల్స్ పరిస్థితి ఆలోచించండి. శాంటా ఫే రైలు 1871లో వచ్చింది గాని, ఊళ్లోకి రాలేదు. ఉత్తరాన రెండు మైళ్ల దూరం నుంచి వెళ్లిపోయింది. అక్కడ వెలసిన స్టేషను ఊరికే 1881లో స్ట్రాంగ్ సిటీ అని పేరు మార్చారు. రైలు తప్పిన ఊళ్లు చాలావరకు ఖాళీ అయిపోయిన రోజులవి. అలాంటి సమయంలో కదిలించడానికి వీల్లేని రాతి కోర్టుహౌస్‌ను నిలబెట్టుకోవడం ఆ ఊరికి ఎంత ధైర్యం ఇచ్చి ఉంటుందో చూడండి. 1880ల చివర ఆ రెండు ఊళ్లను కలుపుతూ గుర్రాలు లాగే ట్రాము బండి నడిచింది. కచేరీ పని ఉన్నవాళ్లు రైలు దిగి దానిలోనే వచ్చేవారు.

#11 — గుంటూరు_వకీలు

చదివేకొద్దీ ఆసక్తి పెరుగుతోంది. కాని నా మనసులో ఒక బాధ ఉంది. అప్పటికి అక్కడ స్థిరపడి పన్నెండు పదమూడేళ్లయినా కాని రైతుల నెత్తిన నలభై వేల డాలర్లకు పైబడిన ఖర్చు పెట్టడం న్యాయమా? ఆ పన్ను కట్టినవాళ్లలో చాలామంది స్వయంగా ఒకటి రెండు గదుల ఇళ్లలో ఉండి ఉంటారు. ప్రజాభవనం గొప్పగా ఉండాలనే వాదన నాకూ ఇష్టమే. ఆ బరువు ఎవరు మోశారో కూడా చెప్పకపోతే చరిత్ర సగమే చెప్పినట్టవుతుంది.

#12 — పాత_దస్త్రాలు

మీ ప్రశ్న న్యాయమైనదే. పైగా దాని తరవాత వచ్చిన కాలం చాలా కఠినమైనది. 1873 సెప్టెంబరులో జే కుక్ బ్యాంకు కుప్పకూలి దేశమంతా ఆర్థిక సంక్షోభంలో పడింది. మరుసటి ఏడు, 1874 వేసవిలో, మిడతల దండు కాన్సస్ పొలాలను తుడిచిపెట్టింది. ఇతర రాష్ట్రాల నుంచి తిండి, బట్టలు పంపవలసి వచ్చింది. అందువల్ల ఈ భవనం రెండేళ్లు ఆలస్యంగా తలపెట్టి ఉంటే అసలు లేచేది కాదని నా అభిప్రాయం. భారం నిజం. అయితే ఆ తరం ఒకసారి మోసిన భారం తరవాత వచ్చిన ఐదారు తరాలకు కొత్త భవనం ఖర్చు తప్పించింది అన్నది కూడా అంతే నిజం.

#13 — ఎంపోరియా_లక్ష్మి

ప్రసాద్ గారు అడిగిన రెండో ప్రశ్నకు నేను చాలాకాలంగా అనుకుంటున్న సమాధానం ఇది. ఈ భవనం నిలిచింది కౌంటీ ఎదగలేదు కాబట్టే.

1900లో చేజ్ కౌంటీ జనాభా ఎనిమిది వేలు దాటింది. అప్పటి నుంచి తగ్గుతూ 2020 నాటికి 2,572కు వచ్చింది. జనం పెరిగిన కౌంటీల్లో ఏమైందంటే, ఇరవయ్యో శతాబ్దంలో కోర్టు గదులు చాలక, కార్యాలయాలు పట్టక, పాత భవనాలు కూల్చి కొత్తవి కట్టారు. చేజ్ కౌంటీకి ఆ అవసరం రాలేదు. ఎనిమిది వేలమందికి సరిపోయిన భవనం రెండున్నర వేలమందికి ధారాళంగా సరిపోతుంది.

జనం ఎందుకు పెరగలేదంటే మళ్లీ రాయి దగ్గరికే రావాలి. ఫ్లింట్ అంటే చెకుముకి రాయి. ఫ్లింట్ హిల్స్ పేరుకు తగ్గట్టే అక్కడ సున్నపురాతి పొరల మధ్య చెకుముకి రాయి గుట్టలు గుట్టలుగా ఉంది. సున్నపురాయి వానకు కరుగుతుంది, చెకుముకి కరగదు. అది ముక్కలుగా పైమట్టిలో మిగిలిపోతుంది. ఆ నేలలో నాగలి దిగదు. నది ఒడ్డున ఉన్న పల్లపు నేలలు తప్ప మిగతాదంతా పచ్చికబయలుగానే ఉండిపోయింది. పశువులను మేపే పెద్ద పెద్ద రాంచీలు వచ్చాయి గాని, చిన్న కమతాల రైతులతో నిండిన పల్లెలు రాలేదు. ఒకప్పుడు ఉత్తర అమెరికాలో 17 కోట్ల ఎకరాల మేర ఉన్న పొడుగు గడ్డి మైదానంలో ఇప్పుడు మిగిలింది నూటికి నాలుగు వంతుల లోపే. అందులో ఎక్కువ భాగం ఈ కొండల్లోనే ఉంది. గోడలకు దిమ్మెలిచ్చిన కొండలే నాగలిని అడ్డుకుని, గడ్డినీ, గడ్డితో పాటు కోర్టుహౌస్‌నూ కాపాడాయి.

#14 — డాలస్_రామం

లక్ష్మి గారూ, ఈ కోణం నాకు పూర్తిగా కొత్తది. మా టెక్సస్‌లోనూ దీనికి సాక్ష్యం ఉంది. డాలస్‌కు నైరుతిలో గ్రాన్‌బరీ అనే ఊళ్లో హుడ్ కౌంటీ కోర్టుహౌస్ 1890-91లో ఇదే సెకండ్ ఎంపైర్ శైలిలో, స్థానిక సున్నపురాయితో, డబ్ల్యూ. సి. డాడ్సన్ నమూనా మీద లేచింది. అదీ అలాగే నిలిచింది. 254 కౌంటీలున్న మా రాష్ట్రంలో పాత కోర్టుహౌస్‌ల మరమ్మతుకు ప్రభుత్వం 1999లో ప్రత్యేక పథకమే పెట్టింది. శైలి గురించి నా అభ్యంతరం పూర్తిగా పోలేదు గాని, రాయి ఆ నేలదే అన్న మాట దాన్ని చాలావరకు మెత్తబరిచింది.

ఒక సందేహం: మిసిసిపీ నదికి పడమట ఇప్పటికీ వాడుకలో ఉన్న కోర్టుహౌస్‌లలో అతి పాతది ఇదేనని కొన్ని పర్యాటక పత్రాల్లో చదివాను. నిజమేనా?

#15 — పాత_దస్త్రాలు

కాదు. మిసిసిపీకి పడమటే ఉన్న అయోవా రాష్ట్రంలో, కియోసాక్వా అనే ఊళ్లో, వాన్ బ్యూరెన్ కౌంటీ కోర్టుహౌస్ 1840ల మొదట్లో కట్టినది. అది నేటికీ వాడుకలో ఉంది. కాన్సస్ వరకు అతి పాతది చేజ్ కౌంటీదే అని చెప్పుకోవడమే సరైనది. ఆ గౌరవం చాలు. లేని గొప్ప అంటగట్టనవసరం లేదు.

#16 — సున్నపురాయి

నిలిచింది కౌంటీ ఎదగనందువల్ల అన్న మాట ఒప్పుకుంటాను, కాని దానికి నిర్వహణ కూడా కలపాలి. ఎవరికీ అక్కర్లేక వదిలేసిన భవనాలు చిన్న కౌంటీల్లోనూ కూలిపోయాయి. రోజూ మనుషులు తిరిగే భవనంలో కప్పు కారితే మరునాడే ఎవరో ఒకరి బల్ల తడుస్తుంది. వెంటనే నిచ్చెన వేస్తారు. మాన్సార్డ్ కప్పుకు అసలు శత్రువు నీరు. నిటారు భాగం బల్లపరుపు భాగాన్ని కలిసేచోట, కిటికీలు పొడుచుకు వచ్చిన చోట, తూముల దగ్గర రేకు కొద్దిగా లేచినా నీరు లోపలి దూలాలకు దిగుతుంది. పైకి ఏమీ కనిపించదు. లోపల కలప పుచ్చిపోతుంది.

రాతి గోడల సంగతిలో అతి ముఖ్యమైనది రాళ్ల సందుల్లోని సున్నం. 1870లలో ఇలాంటి గోడలను కట్టింది సున్నం, ఇసుక కలిపిన అడుసుతో. అది రాయికంటే మెత్తగా ఉంటుంది, నీటి ఆవిరిని బయటకు పోనిస్తుంది. చలికి గోడ కదిలినా సున్నమే కాస్త పగిలి ఊరుకుంటుంది, రాయి పగలదు. మరమ్మతు పేరుతో ఆ సందుల్ని గట్టి పోర్ట్‌ల్యాండ్ సిమెంటుతో నింపితే కథ తిరగబడుతుంది. తేమ సందులోంచి పోలేక రాయిలోంచి పోవలసి వస్తుంది. కాన్సస్ చలికి ఆ తేమ గడ్డకట్టి, రాయి ముఖం పొరలు పొరలుగా ఊడిపోతుంది. పోయిన సున్నాన్ని మళ్లీ నింపవచ్చు. పోయిన రాయిని తేలేము. హైదరాబాదులో కుతుబ్‌షాహీ సమాధుల మరమ్మతులో 2013 నుంచి సిమెంటు పూతలు తీసేసి మళ్లీ డంగు సున్నం వాడింది కూడా ఈ కారణం వల్లే. ఏ పాత కట్టడం విషయంలోనైనా ఈ ఒక్క సంగతి మేస్త్రీలకు గట్టిగా చెప్పాలని నా విన్నపం.

#17 — కడియం_సుధ

మా అబ్బాయి విచిటాలో చదువుతున్నాడు. వచ్చే వసంతంలో మేము అక్కడికి వెళుతున్నాం. ఆ ఒక్క భవనం కోసం అంత దూరం తీసుకెళ్లమంటే వాడు ఒప్పుకుంటాడో లేదో తెలియదు. ఆ దగ్గర చూడదగ్గవి ఇంకేమైనా ఉన్నాయా? లోపలికి అందరినీ రానిస్తారా?

#18 — విచిటా_ప్రసాద్

సుధ గారూ, తప్పకుండా వెళ్లండి. అది పని జరిగే ప్రభుత్వ కార్యాలయం కనుక పనిదినాల్లో, పనివేళల్లో వెళ్లడం మంచిది. కోర్టు విచారణ నడుస్తున్న సమయంలో పై అంతస్తులో తిరగడానికి వీలుండకపోవచ్చు కాబట్టి ముందుగా కౌంటీ క్లర్క్ కార్యాలయానికి ఫోను చేసి అడగండి.

అక్కడి నుంచి స్ట్రాంగ్ సిటీ దాటి కాస్త ఉత్తరంగా వెళితే టాల్‌గ్రాస్ ప్రెయిరీ జాతీయ పరిరక్షణ క్షేత్రం వస్తుంది. దాదాపు 11 వేల ఎకరాల ఆ క్షేత్రాన్ని 1996లో ఏర్పాటు చేశారు. అందులో స్టీఫెన్ జోన్స్ అనే పశువుల ఆసామి 1881లో కట్టించిన రాతి ఇల్లు, మూడంతస్తుల రాతి కొట్టం ఉన్నాయి. ఆ ఇంటిదీ సెకండ్ ఎంపైర్ శైలే. కోర్టుహౌస్ చూసిన కళ్లతో వెంటనే ఆ ఇంటిని చూస్తే, ప్రజల డబ్బుతో కట్టిన భవనానికి, ఒక సంపన్నుడు తనకోసం కట్టుకున్న ఇంటికి మధ్య ఆ శైలి ఎలా మారిందో స్పష్టంగా తెలుస్తుంది. రామం గారి ప్రశ్నకు మరికొంత జవాబు అక్కడ దొరుకుతుందని నాకు అనిపిస్తోంది. సమయముంటే పడమటగా క్లెమెంట్స్ దగ్గర కాటన్‌వుడ్ నది మీద 1880లలో కట్టిన రెండు కమానుల రాతి వంతెన కూడా చూడండి. ఇప్పుడు దాని మీద నడిచే వెళ్లాలి.

వసంతమంటున్నారు కనుక ఇంకొక మాట. మార్చి చివరి నుంచి ఏప్రిల్ దాకా రాంచీలవాళ్లు కొత్త గడ్డి కోసం పచ్చిక బయళ్లకు నిప్పు పెడతారు. ఆ రోజుల్లో రోడ్ల మీద పొగ కమ్ముతుంది. చీకటి పడకముందే విచిటా చేరేలా బయలుదేరండి. సున్నపురాయి గారు చెప్పిన గింజల మచ్చల కోసం గోడలు వెతుకుతాను. మీరు ముందుగా వెళితే మీ అబ్బాయి చేత ఫోటోలు తీయించి ఇక్కడ పెట్టండి.